మాష్ పాత్రకు డీఎస్18బీ20 సెన్సరా, పీటీ100 సెన్సరా?

గింజలగంప:
ఇంట్లో బీరు తయారీకి వేడినీటి పాత్ర, మాష్ పాత్ర (నలగ్గొట్టిన మాల్ట్ గింజలను వేడినీటిలో నానబెట్టేది), మరిగించే పాత్ర, ఈ మూడింటినీ ఒకే కంట్రోలర్‌తో నడపాలనుకుంటున్నాను. కంట్రోలర్ పెట్టె గోడకు ఉంటుంది కాబట్టి ఒక్కో సెన్సర్‌కు దాదాపు 5 మీటర్ల తీగ పడుతుంది. డిజిటల్ ఉష్ణోగ్రత సెన్సర్ డీఎస్18బీ20 వాడాలో, వేడిని బట్టి నిరోధం మారే పీటీ100 వాడాలో, తీగలు ఎలా లాగాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

రాగితీగ:
డీఎస్18బీ20 చాలు. ప్రతి సెన్సర్‌లోనూ దానికే ప్రత్యేకమైన 64 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది కనుక మూడింటినీ ఒకే డేటా తీగకు కలపవచ్చు. పెట్టె నుంచి మొదటి పాత్రకు, అక్కడి నుంచి రెండోదానికి, ఆపై మూడోదానికి ఒకే వరుసలో లాగండి. పెట్టె దగ్గరే మూడు కొమ్మలుగా చీలిస్తే ప్రతి కొమ్మ చివర నుంచీ సంకేతం వెనక్కి కొట్టి రీడింగులు చెడతాయి. డేటా తీగకూ సరఫరా తీగకూ మధ్య 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్ మొత్తం వరుసకు ఒక్కటే పెట్టాలి.

నురగ:
రెండూ వాడాను. రెండింటితోనూ మంచి బీరే వచ్చింది.

ఓమ్‌నియమం:
రాగితీగ గారి సలహా పులియబెట్టే గదికి సరిపోవచ్చు, మాష్‌కు సరిపోదు. 63 డిగ్రీల దగ్గర బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ చురుకుగా ఉండి పులిసే చక్కెరలను ఎక్కువగా ఇస్తుంది. 70 దగ్గర ఆల్ఫా అమైలేజ్‌దే పైచేయి అయి, పులియని చక్కెరలు మిగిలి బీరు చిక్కగా వస్తుంది. ఇంత ఇరుకైన హద్దుల్లో పనిచేస్తూ, 0.5 డిగ్రీ అటూ ఇటూ చూపగల సెన్సర్‌తో ఎందుకు సరిపెట్టుకోవాలి? కచ్చితత్వం ఎక్కువుండే క్లాస్ ఏ పీటీ100 అయితే 65 డిగ్రీల దగ్గర తేడా 0.3 లోపే. అయితే మూడు తీగల రకమే తీసుకోండి. డిగ్రీకి 0.385 ఓమ్ మాత్రమే మారే సెన్సర్ ఇది, కాబట్టి రెండు తీగల రకంలో తీగల నిరోధమే 1 ఓమ్ ఉంటే రీడింగ్ 2.6 డిగ్రీలు ఎక్కువ చూపుతుంది. మూడో తీగ ఆ తేడాను కొట్టివేస్తుంది. ఇక 4.7 కిలోఓమ్‌లు అన్నది వేదవాక్యం కాదు. తీగ పొడవైతే, సరఫరా 3.3 వోల్టులే అయితే అంతకంటే తక్కువ విలువ కావాలి.

రాగితీగ:
5 మీటర్లకు 4.7 చక్కగా పనిచేస్తుంది, నా దగ్గర పనిచేస్తోంది కూడా. మార్కెట్లో దొరికే పీటీ100లు చాలావరకు క్లాస్ బీ, వాటి తేడా అదే 65 దగ్గర 0.6 దాటుతుంది. పైగా మాష్‌లో అడుగుకూ పైభాగానికీ మధ్య తేడా దీనికంటే పెద్దది. పంపుతో ద్రవాన్ని తిప్పుతూ, సెన్సర్‌ను ఆ ప్రవాహంలో ఎక్కడ పెడుతున్నామన్నదే అసలు లెక్క.

ఓమ్‌నియమం:
నేను కొన్న డిజిటల్ ప్రోబ్ పూర్తిగా సీలు చేసినదని చెప్పి అమ్మారు. మరిగే పాత్రలో ఆవిరి లోపలికి పోయి అది పాడయింది, అమ్మినవారు సమాధానమే ఇవ్వలేదు. ఇదంతా అనుభవించినవాడికి మీ 4.7 పాఠం ఎందుకండీ?

రాగితీగ:
ఒక నాసిరకం ప్రోబ్ మీది కోపాన్ని ప్రతి చర్చలోనూ మొత్తం డిజిటల్ పద్ధతి మీద చూపిస్తున్నారు. కొత్తగా అడిగినవారిని భయపెట్టడం తప్ప దీనివల్ల ప్రయోజనం లేదు.

ఓమ్‌నియమం:
భయపడవలసిన విషయమే కాబట్టి చెబుతున్నాను. ఆ ప్రోబ్ పోయినప్పుడు నేను పక్క గదిలో ఉన్నాను. ఆర్డ్వినో అనే చిన్న కంట్రోలర్ బోర్డులో ఈ సెన్సర్‌కు ఎక్కువమంది వాడే ప్రోగ్రాము లైబ్రరీ, సెన్సర్ దొరకకపోతే మైనస్ 127 డిగ్రీలని చెబుతుంది. నేను తయారుగా కొన్న కంట్రోలర్ ఆ అంకెను నిజమని నమ్మి, పాత్ర గడ్డకట్టిందన్నట్టు హీటర్‌ను పూర్తి శక్తితో నడిపించింది. పీటీ100 తీగ తెగితే నిరోధం విపరీతంగా పెరిగి ఉష్ణోగ్రత హద్దు దాటినట్టు కనిపిస్తుంది, హీటర్ ఆగుతుంది. నాకు కావలసింది ఆ 0.2 డిగ్రీల తేడా కాదు, ఇది.

రాగితీగ:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. కానీ పీటీ100 తీగలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయితే అదీ తక్కువే చూపుతుంది, హీటర్ అలాగే మండుతుంది. అందుకే జాగ్రత్త ప్రోగ్రాములో ఉండాలి. మైనస్ 127 వస్తే హీటర్ ఆపాలి. డీఎస్18బీ20కి సరఫరా తెగి మళ్లీ వస్తే మొదట 85 అని చూపుతుంది, కాబట్టి ఒక్కసారిగా 85కు ఎగబాకిన రీడింగ్‌నూ తిరస్కరించాలి. అంత చేశాక కూడా పాత్ర పక్కనే నిలబడాలంటే ఆటోమేషన్ దేనికి?

ఓమ్‌నియమం:
ఉష్ణోగ్రతను నిలబెట్టడానికి. మనిషిని ఇంట్లోంచి పంపించడానికి కాదు. మన తేడా అక్కడే ఉంది.

తీగచుట్ట:
హీటర్‌ను నడిపే సాలిడ్ స్టేట్ రిలే (ఎలక్ట్రానిక్ స్విచ్) పాడైతే చాలాసార్లు ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. అప్పుడు ఏ సెన్సర్ పెట్టినా, ప్రోగ్రాము ఎంత బాగా రాసినా కరెంటు ఆగదు. హీటర్ సరఫరాలో కంట్రోలర్‌తో సంబంధం లేకుండా, వేడి హద్దు దాటితే పనిచేసే థర్మల్ కటౌట్, దానితో పనిచేసి హీటర్ కరెంటును తెంచే కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్ పెట్టండి. సెన్సర్ తీగలను హీటర్ తీగలతో కలిపి కట్టవద్దు, దాటవలసి వస్తే అడ్డంగా దాటించండి. సెన్సర్ తీగల చుట్టూ ఉండే లోహపు షీల్డ్‌ను పెట్టె వైపు మాత్రమే ఎర్త్ చేయండి.

గింజలగంప:
మాష్ పాత్రకు మూడు తీగల పీటీ100, మిగతా రెండింటికీ డీఎస్18బీ20 పెడుతున్నాను. కటౌట్‌ను హీటర్ ఉన్న ప్రతి పాత్రకూ విడిగా పెట్టాలా, లేక ప్రధాన సరఫరాను తెంచే కాంటాక్టర్ ఒక్కటి సరిపోతుందా?