ఆఫీసులో బ్లూటూత్ తీసేసి అందరికీ వైర్ హెడ్‌సెట్లే ఇవ్వాలా?

గచ్చిబౌలి_ఐటీ:
మా కాల్ ఫ్లోర్‌లో ఉదయం అంతా బాగానే ఉంటుంది. సీట్లు నిండాక బ్లూటూత్ హెడ్‌సెట్లలో మాట తెగిపోతోంది, వైర్‌లెస్ మౌస్‌లు ఆగి ఆగి కదులుతున్నాయి. అందరికీ వైర్ హెడ్‌సెట్లు ఇచ్చేద్దామని మా మేనేజర్ అంటున్నారు. మీరేమంటారు?

కాల్‌ఫ్లోర్:
మేనేజర్ గారి మాటే సరైనది. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్‌కి లైసెన్స్ అక్కర్లేదు. అందుకే వైఫై, మౌస్, కీబోర్డ్, చివరికి ప్యాంట్రీలో మైక్రోవేవ్ అవెన్ కూడా అక్కడే ఉంటాయి. మధ్యలో మాట తెగితే కస్టమర్ చేత తిట్లు తినేది ఏజెంటే. వాళ్ల మీద ప్రయోగాలు వద్దు.

వైఫై_పని:
నేను ఒప్పుకోను. హెడ్‌సెట్ బ్లూటూత్ 79 ఛానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు మారుతూ ఉంటుంది. 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి రద్దీ ఛానళ్లను తప్పించుకుంటుంది కూడా. అయితే తప్పుకోవడానికి చోటుండాలి కదా! యాక్సెస్ పాయింట్‌లో (వైఫై ఇచ్చే పెట్టెలో) 2.4 మీద 40 మెగాహెర్ట్జ్ వెడల్పు పెడితే దాదాపు సగం బ్యాండ్ వైఫైకే పోతుంది. దాన్ని 20కి తగ్గించండి, వైఫైకి ఒకదానిమీద ఒకటి పడని 1, 6, 11 ఛానళ్లే వాడండి, ల్యాప్‌టాప్‌లను 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి.

అన్నిటికంటే ముందు డాంగిల్ (హెడ్‌సెట్, మౌస్‌ల కోసం యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న రిసీవర్) ఎక్కడ పెట్టారో చూడండి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, కేబుళ్లు, హార్డ్‌డిస్క్‌లు పనిచేస్తున్నప్పుడు సరిగ్గా 2.4 దగ్గరే రేడియో నాయిస్ పుడుతుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద పేపర్ ఇచ్చింది.

హెల్ప్‌డెస్క్:
ఒక్క మాట. మాట తెగడం వేరు, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వినబడటం వేరు. మైక్ ఆన్ కాగానే హెడ్‌సెట్ పాటల మోడ్ నుంచి కాల్ మోడ్‌కి మారి నాణ్యత తగ్గుతుంది. అది ఇంటర్‌ఫియరెన్స్ (వేరే సిగ్నళ్లు అడ్డుపడటం) కాదు. ఫిర్యాదులు రాసుకునేటప్పుడు ఈ రెండూ కలిపేయకండి.

గచ్చిబౌలి_ఐటీ:
మావి తెగడమేనండి. డాంగిళ్లన్నీ డాక్ (ల్యాప్‌టాప్‌కి అదనపు పోర్టులిచ్చే పెట్టె) వెనక నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టుల్లోనే ఉన్నాయి. కానీ అదే కారణమైతే ఉదయం కూడా రావాలి కదా?

వైఫై_పని:
చుట్టూ రద్దీ లేనప్పుడు ఆ నాయిస్‌ని తట్టుకుంటుంది. సీట్లు నిండితే పక్కవాళ్ల హెడ్‌సెట్లు, వైఫై తోడవుతాయి. పైగా మన ఒంట్లోని నీరు 2.4 సిగ్నల్‌ని పీల్చుకుంటుంది. అన్నీ కలిసేసరికి ఇక నిలబడదు.

కాల్‌ఫ్లోర్:
సరే, ఒకే హాల్లో వందమంది కాల్స్‌లో ఉంటే? అప్పుడూ ఛానళ్లు 79యే. డాంగిల్ జరిపినంత మాత్రాన అవి పెరగవు.

వైఫై_పని:
అది నిజమే. దగ్గరదగ్గర సీట్లలో రోజంతా కాల్స్ మీదే ఉండేవాళ్లకు వైర్ ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. కానీ మౌస్‌లు కూడా ఆగుతున్నాయన్నారు. హెడ్‌సెట్లు మార్చినా డాంగిల్ డాక్ వెనకే ఉంటే ఆ బాధ తీరదు. ఒక వరుసలో చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిళ్లను టేబుల్ మీదికి తెచ్చి, పక్క వరుసను అలాగే ఉంచండి. ఫ్లోర్ నిండిన సమయంలో రెండు వరుసల్లో ఎన్ని కాల్స్ తెగాయో రాసుకుని, కొనుగోలు ఆర్డర్ మీద సంతకం పడకముందే మేనేజర్ గారికి చూపించండి.