పోస్ట్‌స్క్రిప్ట్ గడియారం: ముల్లు కదిలినప్పుడల్లా తెర మిణుకుమంటోంది

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పేజీ మీద బొమ్మలు, అక్షరాలు గీయించే పోస్ట్‌స్క్రిప్ట్ భాషలో ముళ్ల గడియారం రాశాను. ప్రింటర్ కోసం కాదు, ఆ భాషని కంప్యూటర్‌లో నడిపే ఘోస్ట్‌స్క్రిప్ట్ విండోలో నడవడానికి. ఇందులో గీతలు వచ్చే నున్నదనం చూశాక వేరే భాష మీదికి మనసు పోవడం లేదు.

సెకనుకోసారి పేజీ చెరిపే ఎరేజ్‌పేజ్ పిలిచి, 60 గీతలు, 12 అంకెలు, మూడు ముళ్లు మళ్లీ గీస్తున్నాను. ప్రతిసారీ తెర తెల్లబడి, అంకెలు ఒక్కొక్కటే వచ్చి కూర్చోవడం కంటికి తెలిసిపోతోంది. పేజీ బయటికి పంపే షోపేజ్ పెడితే ప్రతి ఫ్రేముకీ (గీసిన ప్రతి పూర్తి బొమ్మకీ) ఎంటర్ కొట్టమంటోంది. ఆగకుండా సాగమనే నోపాజ్ ఇస్తే అడగదు గానీ, రెండో ఫ్రేము నుంచి గడియారం కింద ఎడమ మూలకి జారి పావు వంతే కనిపిస్తోంది. పాత ముల్లు మీద మాత్రమే తెల్ల రంగు వేసి చూశాను. బూడిద రంగు చార మిగిలిపోయింది. రెండు రాత్రులుగా ఇదే పని. దారి చెప్పండి.

జవాబు 1:
మూలకి జారడం షోపేజ్ వల్లే. అది పేజీ బయటికి పంపి ఊరుకోదు, చెరిపేసి, గీత అమరికల్ని మొదటి స్థితికి తెచ్చే ఇనిట్‌గ్రాఫిక్స్ కూడా చేస్తుంది. మీరు ట్రాన్స్‌లేట్‌తో మధ్యకి తెచ్చిన మూలబిందువు (కొలతలు మొదలయ్యే చోటు) తిరిగి ఎడమ కింద మూలకి పోతుంది.

చార సంగతి: అంచులు నునుపు చేసే ఆల్ఫాబిట్స్ పెట్టుకుని ఉంటారు. ముల్లు అంచు ఒక పిక్సెల్‌ని సగమే కప్పిందనుకోండి, అక్కడ నలుపు 50 శాతం. దాని మీద తెలుపు కూడా సగమే పడుతుంది కాబట్టి ఇంకా 25 శాతం నలుపు ఉండిపోతుంది. చెరపాలంటే ముల్లు కంటే కాస్త వెడల్పుగా చెరపాలి. అప్పుడు కింద ఉన్న అంకె కూడా పోతుంది. ఆ దారి వదిలేయండి.

జవాబు 2:
మొత్తం మళ్లీ గీయడంలో తప్పు లేదు. గీస్తుండగా కనపడటమే ఇబ్బంది. బొమ్మకి ఎంత మెమరీ వాడొచ్చో చెప్పే మ్యాక్స్‌బిట్‌మ్యాప్ విలువ పెంచితే ఎక్స్11 (లినక్స్, యూనిక్స్‌ల విండో వ్యవస్థ) విండోలో గీత ముందు మెమరీలో పడుతుంది. 500 బై 500 పిక్సెళ్లకి, పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 10 లక్షల బైట్లు, ధారాళంగా 5 కోట్లు ఇచ్చేయండి. ఫ్రేము పూర్తయ్యాక షోపేజ్ బదులు ఫ్లష్‌పేజ్ పిలవండి. అది ఘోస్ట్‌స్క్రిప్ట్ సొంత ఆపరేటర్ (ఆదేశం). మెమరీలో ఉన్నదాన్ని తెర మీదికి తోస్తుంది, ఎంటర్ అడగదు, మీ మూలబిందువు జోలికి రాదు. ఎరేజ్‌పేజ్ కూడా మెమరీలోనే జరుగుతుంది కాబట్టి ఆ తెలుపు కంటపడదు.

ప్రశ్న అడిగినవారు:
ఆగిపోయింది! మిణుకు అన్నదే లేదు. ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో నాకే తెలియదు. ఇంక సెకన్ల ముల్లు టక్కుటక్కుమని కాకుండా జారుతూ పోవాలని ఉంది. ఖాళీ లూప్‌తో ఆలస్యం పెట్టాను, ఒక్కోసారి తడబడుతోంది. మెమరీ పెరగకుండా ఫ్రేము చుట్టూ మెమరీ స్థితిని దాచే సేవ్, దాన్ని తిరిగి తెచ్చే రిస్టోర్ పెడితే ముల్లు ఒకేచోట నిలబడిపోయింది.

జవాబు 2:
లూప్ తీసేయండి. రియల్‌టైమ్ ఆపరేటర్ మిల్లీసెకన్లు ఇస్తుంది. మొదటి విలువ దాచుకుని, ఇప్పటిదాంట్లోంచి తీసేసి 0.006తో గుణిస్తే డిగ్రీలు వస్తాయి. ఫ్రేము ఆలస్యమైనా ముల్లు ఉండాల్సిన చోటే ఉంటుంది. ముల్లుని తిప్పే రొటేట్‌కి రుణ సంఖ్య ఇవ్వడం మరవకండి, ధన కోణం అపసవ్యంగా తిరుగుతుంది. ప్రతి ఫ్రేములో గీత అమరికల్ని దాచే జీసేవ్, తిరిగి తెచ్చే జీరిస్టోర్ మధ్య మొదటినుంచీ తిప్పండి. పాత కోణానికి కొత్తది కలుపుకుంటూ పోతే దశాంశాల తేడా పేరుకుంటుంది. ఒక మాట, రియల్‌టైమ్‌కి అసలు గంట ఎంతో తెలియదు. మొదలుపెట్టేటప్పుడు టైము మీరే ఇవ్వాలి.

ముల్లు నిలబడిపోవడానికి కారణం రిస్టోరే. సేవ్ తర్వాత, పేరుకి విలువ ఇచ్చే డెఫ్‌తో మార్చిన విలువలన్నీ వెనక్కి పోతాయి. మీ లెక్క సంఖ్యని డిక్షనరీలో (పేర్లు, వాటి విలువలు ఉండే పట్టికలో) కాక స్టాక్ (విలువలు ఒకదాని మీద ఒకటి పేర్చే చోటు) మీదే ఉంచండి, దాని జోలికి రిస్టోర్ పోదు.

ప్రశ్న అడిగినవారు:
స్టాక్ మీదికి మార్చాను. ఇప్పుడు ముల్లు 12 దాటుతోంది, అంకె అంచు ఎక్కడా చెదరలేదు. మీ ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ.