డబ్లిన్‌లో పాపకి డాక్టర్ దొరకడం లేదు, దయచేసి సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. మేము డబ్లిన్ పడమర వైపు లూకన్‌లో అద్దెకుంటున్నాం, ఐర్లాండ్ వచ్చి 8 నెలలైంది. పాపకి ఆరేళ్లు. 8 ఏళ్లలోపు పిల్లలకి జీపీ (ఫ్యామిలీ డాక్టర్) విజిట్ కార్డు ఉంటే డాక్టర్ ఫీజు ఉండదు కదా, దానికోసమే తిరుగుతున్నాం. కానీ పేరు రాసుకునే డాక్టరే దొరకడం లేదు. ఫోన్ చేసిన నాలుగు క్లినిక్‌లలోనూ కొత్తవాళ్లని తీసుకోవడం లేదన్నారు.

పోయిన వారం రాత్రి పాపకి 39.5 డిగ్రీల సెల్సియస్ జ్వరం. తడిగుడ్డ వేస్తూ తెల్లవార్లూ పక్కనే కూర్చున్నాం. డాక్టర్ లెటర్ లేకుండా ఎమర్జెన్సీకి వెళ్తే 100 యూరోలు. బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే డబ్బు గురించి ఆలోచించాల్సి వచ్చిందని ఇప్పటికీ బాధగానే ఉంది.

ముగ్గురు డాక్టర్లు కాదంటే హెచ్ఎస్ఈ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ) వాళ్లే ఒకరిని కేటాయిస్తారని చదివాను. మీలో ఎవరైనా అలా చేయించుకున్నారా? ఎన్నాళ్లు పట్టింది? క్లినిక్ వాళ్లు కాదన్నట్టు రాయించుకోవాలా, ఫోన్‌లో చెప్తే చాలా?

ఇంకొకటి, కరెంటు. మాది స్మార్ట్ మీటర్ ప్లాన్, సాయంత్రం 5 నుంచి 7 దాకా రేటు ఎక్కువ. అందుకే కుక్కర్ నాలుగున్నరకే పెట్టేస్తున్నాను. అయినా చలికాలం బిల్లు చూస్తే టెన్షన్. వేడినీళ్ల ట్యాంకులోని ఇమ్మర్షన్ హీటర్ స్విచ్ మీద సింక్ (కొంచెం నీళ్లకి), బాత్ (ట్యాంకు మొత్తానికి) అని రెండున్నాయి. ముగ్గురి స్నానాలకి సింక్ సరిపోతుందా? రాత్రి రేటులో టైమర్ పెడితే పొద్దున్నదాకా వేడి నిలుస్తుందా? ముందు డాక్టర్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.