తిరుపతి హోమ్‌స్టేలో అతిథులకు ఎన్ని టాయిలెట్ పేపర్ రోల్స్ పెట్టాలి?

ప్రశ్న అడిగినవారు: తిరుచానూరు గృహిణి

నమస్కారం. మా మేడ మీది పోర్షన్‌ను ఏడాదిగా యాత్రికులకు రోజువారీ అద్దెకు ఇస్తున్నాం. రెండు పడక గదులు, రెండు స్నానాల గదులు. ఒకదానిలో వెస్టర్న్ కమోడ్, రెండోదానిలో ఇండియన్. ఇంతవరకు వచ్చినవన్నీ అనంతపురం, హైదరాబాద్, చెన్నై వైపు కుటుంబాలే. తెల్లవారుజామున మూడు గంటలకు వేడి నీళ్లు వస్తాయా, బకెట్లు ఎన్ని ఉన్నాయి అని అడిగినవారే కానీ, టాయిలెట్ పేపర్ మాట ఎత్తినవారు లేరు.

వచ్చే వారం డాలస్ నుంచి ఒక కుటుంబం వస్తోంది. ఏడాది బాబుకు పుట్టు వెంట్రుకలు తీయించాలట. భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల పాప, బాబు, విజయవాడ నుంచి వారి అమ్మమ్మగారు, తాతగారు. నాలుగు రాత్రులు ఉంటారు. టాయిలెట్ పేపర్ ఉంటుంది కదా అని ఆ అమ్మాయి ఇప్పటికే రెండుసార్లు సందేశం పెట్టింది.

ఈ విషయంలో నాకు రెండు చేదు అనుభవాలు ఉన్నాయి. ఒకసారి మర్యాదగా ఉంటుందని ఆరు రోల్స్ ఉన్న ప్యాకెట్ అలమరలో పెట్టాను. రెండు రాత్రులు ఉన్నవారు వెళ్లాక చూస్తే కవరు కూడా లేదు. ఇంకోసారి ఒకే రోల్ గోడకు తగిలించాను. అతిథులు బకెట్ స్నానాలు ముగించేసరికి అది నానిన అటుకుల ముద్దలా తయారైంది. మనిషికి ఇన్ని అని పెట్టాలా, గదికి ఇన్ని అని పెట్టాలా? ఎక్కడ పెట్టాలి?

జవాబు: కరకంబాడి రోడ్డులో మూడు పోర్షన్ల యజమాని

అక్కా, నేను ఎనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఆరుగురు వస్తున్నారని ఆరుతో గుణించకండి. విజయవాడ పెద్దవాళ్లు దాన్ని ముట్టుకోరు. ఏడాది బాబుకు డైపర్లు ఉంటాయి. మిగిలింది ముగ్గురు. కాగితం మాత్రమే వాడే అలవాటున్న మనిషికి ఒక రోల్ అయిదారు రోజులు వస్తుందని మా ఇంటి అనుభవం. ముగ్గురు నాలుగు రోజులంటే పన్నెండు రోజుల వాడకం. రెండు రోల్స్, మహా అయితే రెండున్నర. కాబట్టి వెస్టర్న్ కమోడ్ ఉన్న గదిలో ఒకటి తగిలించి, దానికి రెండు అదనంగా బయట ఉంచండి. ఇండియన్ గదిలో ఒకటి చాలు. మొత్తం నాలుగు. మన ఊళ్ల నుంచి వచ్చే మామూలు యాత్రికులకైతే గదికి ఒకటి తగిలించి, పోర్షన్ మొత్తానికి ఒకటి అదనంగా ఉంచితే సరిపోతుంది. అందులోనూ సగం చేతులు తుడుచుకోవడానికే పోతుంది.

అయితే రోల్ అంటే ఏ రోల్ అన్నది కూడా చూడాలి. కొన్నింటిలో లోపలి అట్ట గొట్టమే లావుగా ఉంటుంది, దాని చుట్టూ కాగితం వదులుగా చుట్టి ఉంటుంది. కొనేటప్పుడు చేత్తో నొక్కి చూడండి. కవరు మీద ఎన్ని పొరలు, ఎన్ని తుంపులు అని రాసి ఉంటుంది, అది చదవండి. ఒక పొర కాగితం చవక అనుకుంటాం కానీ, తడి చేతికి అతుక్కుని చిరిగిపోతుందని నాలుగింతలు లాగుతారు. రెండు పొరలది మంచిది. మూడు పొరలది మనకు అనవసరం.

ఇక తడిసిపోవడం. విదేశీ ఇళ్లలో స్నానం చేసే చోటు వేరు, కమోడ్ ఉన్న నేల పొడి. మన దగ్గర ఒకే నలుచదరం గదిలో బకెట్ స్నానం, కమోడ్, పక్కన జెట్ స్ప్రే. బయట వేలాడే రోల్ అందులో ఎలా బతుకుతుంది? పైన రేకు మూత ఉండే స్టీలు హోల్డర్ కొనండి. కమోడ్ మీద కూర్చుంటే చేయి అందేచోట, స్నానం చేసే మూలకు దూరంగా, జెట్ స్ప్రేకు ఎదురు గోడ కాకుండా చూసి బిగించండి. అదనపు రోల్స్ మాత్రం స్నానాల గదిలో పెట్టనే వద్దు. తలుపు బయట చిన్న అరలో, కనిపించేలా ఉంచండి. అలమరలో దాస్తే ఉన్నాయని తెలియక ఫోను చేస్తారు, లేదా తెలిసి పట్టుకుపోతారు.

పట్టుకుపోయేవారి గురించి బాధపడకండి. ఒక రోల్ ఖరీదు రెండు ప్లేట్ల ఇడ్లీ కన్నా ఎక్కువ కాదు. ప్యాకెట్ మొత్తం ఎదురుగా పెట్టడం మాత్రం మానేయండి.

జవాబు: చిత్తూరు, లాడ్జి మేనేజరు

నా మాట కొంచెం వేరు. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది కాణిపాకం వెళ్లేవారే. ఒక్క రాత్రి ఉంటారు, పొద్దున్నే దర్శనానికి బయల్దేరతారు. ప్రతి గదిలోనూ రోల్ పెడితే ఏమవుతోందో రెండు నెలలు గమనించాను. చెప్పులు తుడిచారు, అద్దం తుడిచారు, ఒకాయన ఊరగాయ సీసా కారకుండా చుట్టి తీసుకెళ్లారు. అప్పటి నుంచి కౌంటర్‌లో ఉంచి, అడిగినవారికే ఇస్తున్నాం. రోజుకు ఒకరో ఇద్దరో అడుగుతారు.

జవాబు: కరకంబాడి రోడ్డు యజమాని

సార్, లాడ్జిలో రాత్రంతా కౌంటర్ దగ్గర మనిషి ఉంటాడు. ఇక్కడ అక్కగారు కింద నిద్రపోతుంటారు. కడుపు పాడైన మనిషి అర్ధరాత్రి ఇంటావిడను లేపి కాగితం అడగగలడా? అడగడు, తువ్వాలు వాడతాడు. ఆ తువ్వాలు ఉతికేది మనమే. అద్దం, చెప్పులు తుడవడానికి ఒక పాత నూలు గుడ్డ తలుపు దగ్గర వేలాడదీయండి. రోల్ మీద సగం భారం తగ్గుతుంది.

జవాబు: ప్లంబర్, తిరుపతి

ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, పైపుల సంగతి నేను చెబుతాను. టాయిలెట్ పేపర్ వేసినందుకు మంచి వాలు ఉన్న నాలుగు అంగుళాల పైపు మూసుకుపోదు. మూసుకుపోయిన చోట నేను బయటికి తీసినవి ఎక్కువగా తడి వైప్స్, శానిటరీ ప్యాడ్లు, షాంపూ సాచెట్లు, డైపర్లు. చిన్న బిడ్డ వస్తున్నాడు కాబట్టి వైప్స్ తప్పకుండా ఉంటాయి. కమోడ్ పక్కన కాలితో తెరిచే మూత డబ్బా, అందులో కవరు పెట్టండి. డబ్బా లేకపోతే అన్నీ కమోడ్‌లోకే పోతాయి. దానికి అతిథిని తిట్టి లాభం లేదు.

భోజనాల బల్ల మీద పెట్టే టిష్యూను పొరపాటున కూడా టాయిలెట్‌లో పెట్టకండి. అది తడిసినా పోగు విడదు. అనుమానంగా ఉంటే సీసాలో సగం నీళ్లు పోసి, రెండు తుంపులు వేసి బాగా కుదపండి. టాయిలెట్ పేపర్ అయితే కాసేపట్లో పీచులుగా విడిపోతుంది. న్యాప్‌కిన్ అలాగే తిరుగుతుంటుంది. మీది సెప్టిక్ ట్యాంకు అయితే ఈ తేడా ఇంకా ముఖ్యం.

కాగితం గురించి ఇంత మాట్లాడుతున్నారు కానీ జెట్ స్ప్రే సరిగ్గా ఉందో లేదో చూశారా? బోరు నీళ్లైతే ఉప్పు పేరుకుని రంధ్రాలు పూడిపోతాయి, నీళ్లు వంకరగా గోడ మీదకు కొడతాయి. స్ప్రే తల విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో గంటసేపు ఉంచి కడగండి. ధార సరిగ్గా వస్తే కాగితం వాడకం దానంతట అదే తగ్గుతుంది. అతిథులు ఖాళీ చేశాక దాని యాంగిల్ కాక్, అంటే స్ప్రే గొట్టానికి నీళ్లు వదిలే గోడ కుళాయి, కట్టేయండి. ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటే గొట్టం ఒకరోజు పగులుతుంది.

జవాబు: విశ్రాంత ఉద్యోగి, తిరుపతి

కపిల తీర్థంలో స్నానం చేసి కొండ ఎక్కే ఊరికి కాగితం కావలసి వచ్చిందా! నీళ్లుండగా ఇదేమి శౌచం?

జవాబు: తిరుపతిలో పుట్టి అమెరికాలో ఉంటున్న సభ్యురాలు

బాబాయిగారూ, మా ఇంట్లోనూ స్నానాల గదిలో మగ్గు ఉంది, ఇక్కడి తెలుగువాళ్లు చాలామంది ఇళ్లలో ఉంటుంది. పెద్దవాళ్లం మర్చిపోలేదు. ఇబ్బంది పిల్లలకే. బడిలో వాళ్లు చూసేది కాగితం ఒక్కటే.

అక్కా, మీ అతిథి రెండుసార్లు ఎందుకు అడిగిందో నేను ఊహించగలను. కడుక్కున్నాక తుడుచుకోవడానికి ఏమీ లేకపోతే మా పాప బట్టలు తడుస్తాయని ఏడుస్తుంది. నేల తడిగా ఉంటే లోపలికే వెళ్లదు. ఇండియా వచ్చిన మొదటి రెండు రోజులు నాకు ఇదే పంచాయితీ. మీరు నాలుగు రోల్స్ పెట్టినా నేల మీద నీళ్లు నిలిచి ఉంటే ఆ పాప కళ్లకు అది వాడదగిన గదిలా కనిపించదు. నీళ్లు తోసే వైపర్, ఒక జత రబ్బరు చెప్పులు, బయట కాళ్లు తుడుచుకునే పట్టా పెట్టండి. "మీరు వచ్చేసరికి నేల ఆరబెట్టి ఉంచుతాను, పేపర్ తలుపు పక్క అరలో ఉంటుంది" అని ఇప్పుడే సందేశం పంపండి. మూడోసారి అడగదు.

ఇంకొకటి. కాగితం చివర గోడ వైపు వేలాడాలా, మన వైపా అని మా ఆయనకూ నాకూ ఏళ్ల తగువు. 1891లో అమెరికాలో సేత్ వీలర్ తీసుకున్న పేటెంట్ బొమ్మలో చివర ముందుకే ఉంది. మీ గదుల్లో గోడకు తడి ఉంటుంది కాబట్టి అక్కడ కూడా ముందుకే మంచిది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. హోల్డర్ కొన్నాను, జెట్ స్ప్రే తల నిమ్మ ఉప్పు నీళ్లలో నానుతోంది. ఒక చిన్న సందేహం: ముందు వచ్చినవారు సగం వాడి వదిలిన రోల్ ఉంటే కొత్తవారికి అదే ఉంచవచ్చా?

జవాబు: కరకంబాడి రోడ్డు యజమాని

ఉంచకండి. ఎవరో తడి చేత్తో పట్టుకున్నది అన్న ఆలోచనే చాలు, గది ఎంత కడిగినా మురికిగా అనిపించడానికి. సగం రోల్స్ మా ఇంట్లో కిటికీ అద్దాలు తుడవడానికి వాడేస్తాను. కొత్త రోల్ తగిలించి, చివరను త్రికోణంగా మడవండి. హోటళ్లలో అలా మడిచేది అందం కోసమే అనుకునేవాణ్ణి. గది శుభ్రం చేశాక ఎవరూ వాడలేదని అతిథికి దానితో తెలుస్తుంది.

మగ్గుల సంగతి మరిచాను. స్నానానికి ఒక రంగు, టాయిలెట్‌కు ఇంకో రంగు. విజయవాడ అమ్మమ్మగారు మొదట చూసేది అదే. మా ఇంట్లో రెండూ నీలం మగ్గులే ఉన్నాయని ఒక పెద్దావిడ స్నానం మానేసి, కొత్తది కొనుక్కొచ్చేదాకా మెట్ల మీద కూర్చుంది.

ప్రశ్న అడిగినవారు, పది రోజుల తర్వాత

వారు నిన్న వెళ్లారు. నాలుగు రోల్స్ పెడితే వాడింది ఒకటి ముప్పావు. ఇండియన్ గదిలోది విప్పనే లేదు. వైప్స్ అన్నీ డబ్బాలోనే ఉన్నాయి. పాప మొదటిరోజు గుమ్మం దగ్గర నిలబడి నేల వంక చూసిందట, తర్వాత తనే వైపర్ పట్టుకుని ఆడుకుందట. మగ్గుల రంగులు చూసి అమ్మమ్మగారు నన్ను పైకి పిలిచి మరీ మెచ్చుకున్నారు.

అలిపిరి మెట్లు నడిచి ఎక్కిన అల్లుడుగారు మాత్రం రెండు రోజులు కూర్చోలేక, లేవలేక అవస్థ పడ్డారు. కమోడ్ పక్కన గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉంటే బాగుండేదన్నారు. మూడు వేల అయిదు వందల యాభై మెట్లు ఎక్కిన మోకాళ్లు కదా, బిగించేస్తున్నాను.

నేను లెక్క వేయనిది గుండు. బాబుకు, తాతగారికి, అల్లుడుగారికి, ముగ్గురికీ గుండ్లే. తలకు గంధం పూసుకుని వచ్చి పడుకున్నారు. నాలుగు దిండు గలీబులు, రెండు తెల్ల తువ్వాళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. సబ్బు పెట్టగానే ఒక చోట ఎర్రబడింది, ఇంకా భయం వేసింది.

జవాబు: కరకంబాడి రోడ్డు యజమాని

గంధంలో పసుపు కలిసి ఉంటుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. భయపడకండి. బాగా జాడించి, తడిగానే మేడ మీద ఎండలో ఆరేయండి. మన ఎండకు రెండు రోజుల్లో వెలిసిపోతుంది. ఇకమీదట గుండు చేయించుకునేవారు వస్తున్నారని తెలిస్తే ముదురు రంగు గలీబులు వేయండి. మా ఇంట్లో అందుకోసమే మెరూన్‌వి పన్నెండు ఉన్నాయి.