సియాటిల్‌కి కొత్తగా వచ్చాను, ఈ చలికాలం ట్రేడ్ కబుర్లు ఎలా అర్థం చేసుకోవాలి?

కొత్తగా వచ్చినవాణ్ణి, రెడ్మండ్ నుంచి

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి వచ్చి ఆరు వారాలైంది. ఇల్లు, బ్యాంకు, డ్రైవింగ్ లైసెన్సు అన్నీ ఒక దారిన పడ్డాయి. ఒక్కచోటే చిక్కుకుపోయాను. మా టీమ్‌లో పదకొండు మందిమి. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ బేస్‌బాలే మాట్లాడతారు. సీజన్ అయిపోయింది కదా, మరి డిసెంబరులో మాట్లాడుకోడానికి ఏముంటుంది? "ఫోర్డ్‌ని ఇచ్చేశారు", "గిల్బర్ట్‌ని ఇస్తే ఎవరొస్తారు", "ఇంకా రెండేళ్ళ కంట్రోల్ ఉంది". నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి, ఇందులో ఒక్క ముక్కా అర్థం కావట్లేదు. నిన్న మా మేనేజర్ నావైపు తిరిగి "నువ్వైతే ఎవరిని ఇస్తావు?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో పెద్దలు చెప్పండి.

బోథెల్ నుంచి

తమ్ముడూ, ఇరవై రెండేళ్ళ కింద నేనూ అలాంటి బల్ల దగ్గరే కూర్చున్నాను. ఆట రూల్సన్నీ నేర్చుకున్నాక మాట్లాడదామని మాత్రం అనుకోకు. రూల్స్ ఎండాకాలంలో చూస్తూంటే వాటంతటవే వస్తాయి. చలికాలం మాటలన్నీ బేరం గురించి, అంటే జట్లు ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకునే ట్రేడ్‌ల గురించి. బేరం మనకి ఒకరు నేర్పక్కర్లేదు.

ముందు ఈ ఊరి బాధ తెలుసుకో. మారినర్స్ జట్టు 1977లో మొదలైంది. మేజర్ లీగ్‌లోని 30 జట్లలో ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్‌కి, అంటే ఫైనల్‌కి, చేరనిది ఇదొక్కటే. 2001 తర్వాత 2022 దాకా ప్లేఆఫ్స్ గడప కూడా తొక్కలేదు. ఈ ఏడాది, అంటే 2025 అక్టోబరు 20న, ఆ ఫైనల్‌కి ముందు సిరీస్‌లో టొరంటోలో ఏడో మ్యాచ్, మొత్తం తొమ్మిదిలో ఏడో ఇన్నింగ్స్, 3-1తో మనం ముందున్నాం. ఇంకో ఎనిమిది మందిని అవుట్ చేస్తే చాలు. వాళ్ళ జార్జ్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు. 4-3తో అయిపోయింది. మీ బల్ల దగ్గర వినిపిస్తున్న వాదనలన్నీ ఆ బంతి దగ్గరే మొదలవుతున్నాయి.

ఈ కాలాన్ని ఇక్కడివాళ్ళు హాట్ స్టవ్ అంటారు. బయట చలి, లోపల కుంపటి, దాని చుట్టూ చేరి ఎవరిని తెచ్చుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అని వాదించుకోవడం.

ఐపీఎల్‌తో పోల్చుకుంటే సగం తెలిసిపోతుంది. 2023 నవంబరులో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి మళ్ళీ ముంబై వెళ్ళినప్పుడు మనవాళ్ళు ఎంతలా వాదించుకున్నారో గుర్తుందిగా? ఇక్కడ అలాంటివి ఏటా బోలెడు. తేడాలు రెండు. ఐపీఎల్‌లో ఆటగాడు సరేనంటేనే ట్రేడ్. ఇక్కడ మామూలుగా అతణ్ణి అడగరు. మేజర్ లీగ్‌లో పదేళ్ళు ఆడి, అందులో చివరి ఐదేళ్ళూ ఒకే జట్టులో ఉన్నవాడికీ, కాంట్రాక్టులో ముందే రాయించుకున్నవాడికీ మాత్రమే వద్దనే హక్కుంటుంది. మిగతావాళ్ళకి ఫోన్ వస్తుంది, పెట్టె సర్దుకోవాలి.

రెండోది, ఇక్కడ మెగా వేలం లేదు. కుర్రాడు మేజర్ లీగ్‌లో ఆరేళ్ళ సర్వీసు నిండేదాకా ఆ జట్టు చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్ళూ కనీస జీతానికి అటూ ఇటూగా ఆడతాడు. 2025లో ఆ కనీసం 7,60,000 డాలర్లు. తర్వాత మూడేళ్ళు ఆర్బిట్రేషన్, అంటే బేరం కుదరకపోతే మధ్యవర్తులు జీతం తేలుస్తారు, జీతం పెరుగుతూ పోతుంది. అదీ దాటితే ఫ్రీ ఏజెంట్, నచ్చిన జట్టుకి వెళ్తాడు. మీవాళ్ళు కంట్రోల్ అంటున్నది ఈ మిగిలిన ఏళ్ళనే. కౌలు పొలంలో ఇంకా ఎన్ని పంటలు తీసుకోవచ్చో చూసి లెక్క కట్టినట్టు, ఆటగాడి మీద ఎన్నేళ్ళు మిగిలాయో చూసి ధర కడతారు. ఇది పట్టుకున్నావంటే ఏ ట్రేడ్ అయినా విప్పి చూడగలవు.

ఈ నెల మొదట్లో జరిగిన ఫోర్డ్ సంగతే చూడు. హ్యారీ ఫోర్డ్ 2021 డ్రాఫ్టులో (జట్లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునేది) మొదటి రౌండులో తీసుకున్న క్యాచర్, మన వికెట్ కీపర్ లాంటివాడు. నాలుగేళ్ళకి పైనే చూసుకుని పెంచారు. కానీ మన క్యాచర్ కాల్ రాలీ. ఈ ఏడాది 60 హోమ్ రన్లు కొట్టాడు, క్యాచర్లలో ఇంతవరకు ఎవరూ అన్ని కొట్టలేదు. మార్చిలోనే అతనితో ఆరేళ్ళకి 10.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు కుదిరింది. ఇక ఫోర్డ్ ఇక్కడుంటే కూర్చోవాల్సిందే. అదే వాషింగ్టన్ నేషనల్స్‌కైతే రేపటి క్యాచర్ అవుతాడు. అందుకని అతణ్ణీ, ఇంకో కుర్ర పిచర్నీ (పిచర్ అంటే మన బౌలర్) ఇచ్చి హోసే ఫెరర్ అనే ఎడమచేతి రిలీఫ్ పిచర్ని, అంటే మ్యాచ్ మధ్యలో దిగి బంతి వేసేవాణ్ణి, తెచ్చారు. ఫెరర్ మీద ఇంకా కొన్నేళ్ళు మిగిలున్నాయి. టొరంటోలో ఏడో ఇన్నింగ్స్ చూసినవాళ్ళకి రిలీఫ్ పిచర్ ఎందుకో చెప్పక్కర్లేదు.

మీ మేనేజర్ అడిగిన ప్రశ్నకి నా జవాబు: మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురు స్టార్టింగ్ పిచర్లలో ఒకణ్ణి ఇచ్చి గట్టి బ్యాటర్ని తేవాలి. మీవాళ్ళు అంటున్న గిల్బర్ట్ ఆ ఐదుగురిలో ఒకడు. బ్యాటర్లు తమంతట తాము సియాటిల్ రారు. టీ-మొబైల్ పార్క్‌లో చల్లగాలికి బంతి సాగదు. వేరే ఊళ్ళో హోమ్ రన్ అయ్యేది ఇక్కడ గోడ ముందు గ్లవ్‌లో పడుతుంది. జాష్ నేలర్ నవంబరులో ఐదేళ్ళకి సంతకం పెట్టాడంటే, జులైలో ట్రేడ్‌లో వచ్చి మూడు నెలలు ఆడి, ఊరు నచ్చబట్టే.

రెంటన్ నుంచి

అన్నగారూ, మీరు చెప్పిందంతా సరే, చివరి మాట ఒప్పుకోను. పిచర్ని ఇవ్వకూడదు.

తమ్ముడూ, ఐదుగురు పిచర్లున్నారంటే ఐదుగురూ ఉంటారని కాదు. ఈ ఒక్క సీజన్లోనే కర్బీకి భుజం, గిల్బర్ట్‌కి మోచెయ్యి దగ్గర కండరం, మిల్లర్‌కి మోచెయ్యి, చివర్లో బ్రయన్ వూకి ఛాతీ కండరం. ఏడాది పొడవునా నిలబడింది లూయీస్ కాస్టియో ఒక్కడే. ఇప్పుడు ఒకణ్ణి ఇచ్చేస్తే మే నెలలో ఎవరిచేత బంతి వేయిస్తారు?

ఇంకోటి. మీ ఆఫీసులో జుట్టు నెరిసినవాళ్ళ దగ్గర బెడార్డ్ పేరెత్తి చూడు. 2008 ఫిబ్రవరిలో ఇదే ఆత్రంతో, ఒక్క మనిషి వస్తే గెలిచేస్తామని బాల్టిమోర్ నుంచి ఎరిక్ బెడార్డ్‌ని తెచ్చారు. బదులుగా ఇచ్చింది ఐదుగురిని. అందులో ఆడమ్ జోన్స్ అక్కడ ఐదుసార్లు ఆల్-స్టార్ అయ్యాడు. క్రిస్ టిల్‌మన్, జార్జ్ షెరిల్ కూడా ఆల్-స్టార్లయ్యారు. బెడార్డ్ ఇక్కడ మొదటి ఏడాది 15 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, రెండో ఏడాది 15, మూడో ఏడాది గాయంతో ఒక్కటీ లేదు. అతని తప్పు కాదు, భుజం సహకరించలేదు. ఇచ్చినవాళ్ళు మాత్రం పదేళ్ళు కళ్ళ ముందు ఆడుతూనే ఉన్నారు.

నా మాట, మైనర్ లీగ్ (కింది స్థాయి లీగ్) కుర్రాళ్ళని ఇవ్వాలి. బేస్‌బాల్‌లో డ్రాఫ్టు వంతుల్ని ఇచ్చిపుచ్చుకోవడానికి వీల్లేదు, కొన్ని ప్రత్యేకమైన వంతులు తప్ప. కాబట్టి చేతిలో ఉన్న సరుకు ఆ కుర్రాళ్ళే. కానీ కోల్ట్ ఎమర్సన్‌ని ముట్టుకోకూడదు. షార్ట్‌స్టాప్, ఇరవై ఏళ్ళవాడు. జోన్స్‌ని ఇచ్చినప్పుడు అతని వయసు 22.

బోథెల్ నుంచి

అక్కా, కుర్రాళ్ళ మీద మరీ అంత నమ్మకం పెట్టుకోకూడదు. 2018 డిసెంబరులో ఎడ్విన్ డియాస్ లాంటి క్లోజర్ని (ఆఖరి ఇన్నింగ్స్ వేసే పిచర్ని), కనో అనే ఇంకో ఆటగాడితో కలిపి న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చి జారెడ్ కెలెనిక్‌ని తెచ్చుకున్నాం. రేపటి స్టార్ అన్నారు. ఇక్కడ నిలదొక్కుకోలేకపోయాడు, 2023లో అట్లాంటాకి పంపించేశారు. కాస్టియోని 2022లో నలుగురు కుర్రాళ్ళనిచ్చే తెచ్చాం. ఆ అక్టోబరులో టొరంటో మీద ఏడు ఇన్నింగ్స్ దాటి ఒక్క పరుగివ్వలేదు. ఆ రోజు ఆ నలుగురి పేర్లు ఈ ఊళ్ళో ఎవరికైనా గుర్తొచ్చాయా? గెలిచే వయసులో ఉన్న జట్టు రేపటికని దాచుకోకూడదు. గిల్బర్ట్ మీద మనకున్నవి రెండేళ్ళే. 2027 తర్వాత వెళ్ళిపోతే చేతికి మిగిలేదేమీ ఉండదు.

టకోమా నుంచి

నేను 1996 నుంచి ఇక్కడున్నాను. బాబూ, వీళ్ళిద్దరూ చెప్పిందీ నిజమే. ఏ ట్రేడ్ మంచిదో అది జరిగిన రోజు తెలియదు.

1997 జులై 31న డెరెక్ లో, జేసన్ వెరిటెక్ ఇద్దరినీ బోస్టన్‌కి ఇచ్చి హీత్‌క్లిఫ్ స్లోకమ్ అనే రిలీఫ్ పిచర్ని తెచ్చారు. 2004లో బోస్టన్ 86 ఏళ్ళ తర్వాత గెలిచినప్పుడు మూడు సిరీస్‌లలోనూ ఆఖరి మ్యాచ్ గెలిపించిన పిచర్ ఆ లో, వికెట్ల వెనక కీపర్ లాగా బంతి పట్టింది ఆ వెరిటెక్. మేం టీవీ ముందు కూర్చుని చూశాం. అదే 1998లో మన స్టార్ పిచర్ రాండీ జాన్సన్‌ని హ్యూస్టన్‌కి ఇచ్చేస్తే ఊరంతా ఏడ్చింది. 2000 ఫిబ్రవరిలో మన స్టార్ బ్యాటర్ గ్రిఫీ సిన్సినాటి వెళ్ళిపోయాడు, ఆ డిసెంబరులో ఇంకో స్టార్ అలెక్స్ రోడ్రిగెజ్ టెక్సస్‌తో పదేళ్ళకి 25.2 కోట్ల డాలర్లకి సంతకం పెట్టాడు. ఇక జట్టు లేదనుకున్నాం. కానీ జాన్సన్ బదులు వచ్చిన ఫ్రెడీ గార్సియా, కార్లోస్ గియెన్, గ్రిఫీ బదులు వచ్చిన మైక్ కామెరన్, జపాన్ నుంచి వచ్చిన ఇచిరో కలిసి 2001లో 116 మ్యాచ్‌లు గెలిచారు. అంతకంటే ఎక్కువ ఏ జట్టూ గెలవలేదు.

మూడు జట్ల ట్రేడ్ అర్థం కాకపోతే కంగారు పడకు. 2018 డిసెంబరులో నాకు మా ఆఫీసు క్యాంటీన్‌లో ఒకాయన కాఫీ బల్ల మీద చూపించారు. తెల్ల చక్కెర పొట్లాలు సియాటిల్, పసుపు పొట్లాలు క్లీవ్‌లండ్, గులాబీవి టాంపా. పది రోజుల కిందే మన దగ్గరికొచ్చిన కార్లోస్ శాంటానా పొట్లాన్ని వేలితో క్లీవ్‌లండ్ వైపు జరిపారు. అక్కణ్ణుంచి ఎన్‌కార్నాసియోన్ ఇటు, యాండీ డియాస్ టాంపాకి. టాంపా నుంచి జేక్ బాయర్స్ క్లీవ్‌లండ్‌కి. అన్నీ జరిపాక ఆయన మెల్లగా చెప్పారు, జెర్రీ డిపోటో ఈ ట్రేడ్‌ని ఆసుపత్రి మంచం మీద నుంచి చేశాడని. లాస్ వేగస్‌లో శీతాకాలం సమావేశాల మధ్యలో ఒంట్లో బాగాలేక చేరాడు. ఈ ఊరి జనరల్ మేనేజర్ అలాంటివాడు. ఇప్పుడు పదవి పెరిగింది, ట్రేడ్‌లు ఆగలేదు.

కిర్క్‌లండ్ నుంచి

మీరందరూ లెక్కలు చెప్పారు, నేను మనిషి సంగతి చెప్తాను. యుహేనియో సువారెజ్. 2022లో సిన్సినాటి నుంచి ట్రేడ్‌లో వచ్చాడు. రెండేళ్ళు ఎప్పుడు చూసినా నవ్వుతూ ఆడాడు. 2023 నవంబరులో, జీతం బరువు తగ్గించుకోవడానికి, అరిజోనాకి పంపించేశారు. మా అబ్బాయి అప్పుడు పదేళ్ళవాడు, అతని జెర్సీ మడతపెట్టి అడుగు సొరుగులో పెట్టేశాడు. మొన్న జులైలో మళ్ళీ ట్రేడ్ చేసి వెనక్కి తెచ్చారు. వచ్చాక బ్యాటు ఆడలేదు, జనం విసుక్కున్నారు. అక్టోబరు 17న టొరంటోతో ఐదో మ్యాచ్, ఎనిమిదో ఇన్నింగ్స్, మూడు బేసులూ నిండి ఉన్నాయి. గ్రాండ్ స్లామ్ కొట్టాడు, ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు. మా అబ్బాయి సొరుగు తెరిచాడు. జెర్సీ పొట్టయిపోయింది, అయినా వేసుకున్నాడు.

అందుకే చెప్తున్నా తమ్ముడూ, "గిల్బర్ట్‌ని ఇచ్చేద్దాం" అని పైపైన అనేయకు. ఎవరికో ఒకరికి అతను ఇంటి మనిషి. ముందు "అతను మీకెందుకు ఇష్టం?" అని అడుగు, తర్వాత లెక్కలోకి వెళ్ళు.

టెక్సస్ రేంజర్స్ పిచర్ కుమార్ రాకర్ పేరు విన్నావా? వాళ్ళమ్మగారిది భారతీయ కుటుంబం. 2024 సెప్టెంబరు 12న మేజర్ లీగ్‌లో అతని మొదటి మ్యాచ్ ఇక్కడే, మన మీదే. నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైక్‌అవుట్ చేశాడు. వెళ్ళింది మారినర్స్ కోసమే అయినా మా వరుసలో అందరం లేచి చప్పట్లు కొట్టాం.

ఫిబ్రవరిలో అరిజోనాలోని పియోరియాలో ప్రాక్టీసు మొదలవుతుంది, ఆపాటికి ఈ వాదనలు సద్దుమణుగుతాయి. మ్యాచ్‌కి వెళ్ళేటప్పుడు లైట్ రైల్లో స్టేడియం స్టేషన్‌లో దిగు. ఇంటి నుంచి తిండి తీసుకెళ్ళనిస్తారు, మేం ఎప్పుడూ పులిహోర డబ్బాలే.

కొత్తగా వచ్చినవాణ్ణి, రెడ్మండ్ నుంచి

అన్నలకీ అక్కలకీ టకోమా పెద్దాయనగారికీ నమస్కారాలు. ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ గిల్బర్ట్ మాట వచ్చింది. నేను అడిగాను: "ఇతని మీద రెండేళ్ళే ఉన్నాయి కదా, బదులు వచ్చేవాడి మీద ఎన్నేళ్ళుంటే మీరు ఒప్పుకుంటారు?" బల్లంతా ఒక్క క్షణం ఆగింది. మా మేనేజర్ నాలుగు అన్నారు, ఆయన పక్కనావిడ మూడు చాలన్నారు, ఇంకొకాయన అసలు ఇవ్వనే కూడదన్నారు. నేను రెంటన్ అక్క మాట ఎత్తుకుని పిచర్ల గాయాలు చెప్పాను. అప్పుడా మూడో ఆయన తన కుర్చీ నా పక్కకి లాక్కుని, బెడార్డ్ వచ్చిన ఏడాది తను కాలేజీలో ఉన్నానని మొదలుపెట్టి, టొరంటో రాత్రి దాకా చెప్పుకొచ్చారు. మీటింగ్‌కి ఇద్దరం ఆలస్యంగా వెళ్ళాం.

ఏప్రిల్‌లో టీమంతా ఒక మ్యాచ్‌కి వెళ్దామని అనుకున్నాం. తిండి నేను తెస్తానని మాటిచ్చేశాను. కిర్క్‌లండ్ అక్కా, పదకొండు మందికి పులిహోర కలపాలంటే చింతపండు ఎంత నానబెట్టాలి?