ఫ్రిస్కో కుర్రాళ్ళను అనంతపురం నుంచి ఫాలో అయ్యేదెట్లా?

పీఈటీ సారు, అనంతపురం

అందరికీ నమస్కారం. నేను రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. హైస్కూల్ పిల్లలకు చాలా ఏళ్ళు సాఫ్ట్‌బాల్ నేర్పాను కాబట్టి బేస్‌బాల్ రూల్స్ నాకు కొత్త కాదు. స్ట్రైక్ ఏది, బాల్ ఏది అని ఎవరూ చెప్పక్కర్లేదు. నా సమస్య వేరు.

2025 వేసవిలో టెక్సాస్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాం. ఊరు ఫ్రిస్కో. మన రాయలసీమ వాళ్ళే వీధికి నలుగురు కనబడతారు. అక్కడ టెక్సాస్ రేంజర్స్ అనే పెద్ద బేస్‌బాల్ జట్టు వాళ్ళ డబుల్-ఏ జట్టు, అంటే రెండు మెట్ల కిందిది, ఉంది, పేరు రఫ్‌రైడర్స్. అల్లుడు ఒకసారి తీసుకుపోయాడు, ఆ తర్వాత నేనే పోదాం పోదాం అని వాళ్ళ ప్రాణం తీశాను. ఆర్లింగ్టన్‌లో పెద్ద జట్టు మ్యాచ్ కూడా చూపించారు గానీ నాకు పట్టలేదు. పైకప్పు, ఏసీ, ఎక్కడో పైన సీటు. ఆటగాడి అడుగులు కనబడకపోతే ఇంక మా బోటి వాళ్ళం చూసేదేముంది? ఫ్రిస్కోలో ముందు వరసలో కూర్చుంటే షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) బంతికి ఎట్లా వంగుతున్నాడో, బరువు ఏ కాలి మీద వేస్తున్నాడో అంతా తెలుస్తుంది. (ఇంకో సంగతి. అక్కడ జనం శెనక్కాయలు ఒలుచుకు తింటూ తొక్కలు కాళ్ళ కిందే పారేస్తారు, ఎవరూ ఏమనరు. ధర చూశాక అనంతపురం వాడిగా నాకు మాత్రం కొనబుద్ధి కాలేదు.)

ఆ షార్ట్‌స్టాప్ పేరు సెబాస్టియన్ వాల్కాట్. బహామాస్ నుంచి వచ్చాడు, అప్పటికి 19 ఏళ్ళు. చుట్టూ ఉన్నవాళ్ళంతా 22, 23, 24 ఏళ్ళ వాళ్ళు. తొమ్మిదో తరగతి పిల్లోణ్ణి ఇంటర్ జట్టులో దింపినట్టు ఉంది. అయినా తడబాటు లేదు.

ఇప్పుడు ఇంటికి వచ్చేశాను. వచ్చే ఏప్రిల్ నుంచి ఈ పిల్లల్ని సీజన్ పొడుగునా గమనించాలని ఉంది. ఎట్లా చూడాలి, ఏం చూడాలి? అక్కడ ఒక పిచర్ (బంతి వేసేవాడు) చేయి నాకు బాగా నచ్చింది. మళ్ళీ వారం పోతే లేడు. పై జట్టుకు, రౌండ్ రాక్‌కు పంపించారట. జట్టు గెలుస్తా ఉండగా మంచి బౌలర్‌ను లాగేసుకుంటే జనం గొడవ చేయరా? చేయకపోగా సంతోషపడుతున్నారు. నాకు అర్థం కాలేదు.

కర్నూలు నైట్‌షిఫ్ట్

సార్, నమస్తే. డాలస్ కంపెనీకి కర్నూలు నుంచి రాత్రిళ్ళు పనిచేస్తాను, కొన్నాళ్ళు అక్కడే ఉండి వచ్చాను. రేంజర్స్ పిల్లల జట్లను అప్పటి నుంచీ చూస్తున్నా.

మీ చివరి అనుమానం ముందు తీర్చుకుందాం, అది తేలితే మిగతాది సులువు. అక్కడ కింది జట్టు గెలవడం ఎవరికీ ముఖ్యం కాదు. ఆటగాళ్ళకు జీతం ఇచ్చేది ఫ్రిస్కో కాదు, రేంజర్స్. 30 పెద్ద జట్లకు ఒక్కోదానికి నాలుగు మెట్లు ఉంటాయి, మొత్తం 120 జట్లు. రేంజర్స్‌కు 2025లో కింద నుంచి హికరీ, హబ్ సిటీ, ఫ్రిస్కో, రౌండ్ రాక్. వీటికి ఇంకా కింద అరిజోనాలో, డొమినికన్ రిపబ్లిక్‌లో కూడా పిల్లల జట్లున్నాయి. మీ పిచర్ రౌండ్ రాక్ పోయాడంటే ఫ్రిస్కో నష్టపోయినట్టు కాదు, ఫ్రిస్కో పని జరిగినట్టు. అందుకే చప్పట్లు.

టైము మనకు భలే కలిసొస్తుంది. అక్కడ సాయంత్రం 7:05 మ్యాచ్ అంటే మనకు మర్నాడు పొద్దున 5:35. మీరు వాకింగ్‌కు పోయే వేళ. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే జట్టుతో వరసగా ఆరు మ్యాచ్‌లు, సోమవారం సెలవు. అంటే మనకు మంగళవారం పొద్దున మ్యాచ్ ఉండదు. ప్రతిరోజూ చూడాలని పెట్టుకోకండి, మే నెలకే విసుగొస్తుంది. స్కోర్‌కార్డు చాలు. వారానికి ఒకటి వీడియో.

స్కోర్‌కార్డులో ఏం చూడాలి అంటే, బ్యాటింగ్ యావరేజ్ చివర చూడండి. మొదట వయసు, ఏ మెట్టు మీద ఉన్నాడు. అది ఎవరూ చెప్పకుండానే మీరు పట్టేశారు. తర్వాత బ్యాటర్‌కు వాక్స్ (నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఊరికే బేస్‌కు పోవడం) ఎన్ని, స్ట్రైకవుట్స్ (మూడు స్ట్రైక్‌లకు అవుటవడం) ఎన్ని. హిట్ అనేది ఒక్కోసారి అదృష్టం, ఫీల్డర్ పక్కనుంచి జారిపోతుంది. వదిలేయాల్సిన బంతిని వదిలేయడం మాత్రం అదృష్టం కాదు. ఎవాన్ కార్టర్‌ను చూడండి. 2020 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి) రెండో రౌండ్‌లో రేంజర్స్ తీసుకుంటే టీవీలో కూర్చున్న పండితులకే సరిగా తెలియదు ఆ పేరు. కింది మెట్ల మీద అతను చేసిందల్లా చెత్త బంతి జోలికి పోకపోవడం. 2023లో సీజన్ చాలావరకు ఫ్రిస్కోలోనే ఆడాడు. సెప్టెంబర్‌లో పైకి పిలిచారు, నవంబర్ మొదటి రోజుకల్లా వరల్డ్ సిరీస్, అంటే పెద్ద లీగ్ ఫైనల్, గెలిచిన జట్టులో ఉన్నాడు.

పిచర్ల విషయంలో ఇంకా ఓపిక కావాలి. జాక్ లైటర్‌ను 2021లో మొత్తం డ్రాఫ్ట్‌లో రెండో వాడిగా తీసుకున్నారు. వాళ్ళ నాన్న కూడా పెద్ద పిచరే. 2022లో నేరుగా ఫ్రిస్కోకు పంపితే ఈఆర్ఏ 5.54, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఐదున్నర పరుగులు. అయిపోయాడు, డబ్బు దండగ అన్నారు. 2024లో పైకి వెళ్ళాక ఇంకా ఘోరం, 8.83. కిందికి మీదికి తిప్పారు. 2025లో మాత్రం సీజన్ పొడుగునా రేంజర్స్‌కే వేశాడు. 2022 జూన్‌లో మీలాంటివారు లైటర్‌ను చూసి ఉంటే భుజం, కాలు, బంతి వదిలే చోటు చూసి ఈ 5.54 అబద్ధమో నిజమో చెప్పగలిగేవారేమో. నాకు ఆ కన్ను లేదు.

రౌండ్ రాక్ లెక్కలతో జాగ్రత్త. వాళ్ళు ఆడే పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో అల్బుకర్కీ, రీనో, సాల్ట్ లేక్ లాంటి ఎత్తు ఊళ్ళున్నాయి. గాలి పలుచన, కొట్టిన బంతి దిగనే దిగదు. అక్కడ బ్యాటర్ అంకెలు చూసి పొంగిపోకూడదు, పిచర్ అంకెలు చూసి తిట్టకూడదు.

కడప ఆడపడుచు, ఫ్రిస్కో

సార్, మా వీధి దాటి వచ్చి మాకు చెప్పకుండానే వెళ్ళిపోయారే! మాది ప్రొద్దుటూరు. మా పిల్లలకు ఆ స్టేడియంలో బేస్‌బాల్ కన్నా ఔట్‌ఫీల్డ్ గోడ వెనకుండే నీళ్ళ కాలువే ఎక్కువ ఇష్టం, ట్యూబ్ వేసుకుని తేలుతూ మ్యాచ్ చూడొచ్చు. టెక్సాస్ జూలైలో అది లేకపోతే మేం రామనే రాం.

నైట్‌షిఫ్ట్ తమ్ముడు చెప్పినదానికి ఒకటి కలపాలి. కుమార్ రాకర్ అనే పిచర్‌ను మర్చిపోయాడు. వాళ్ళమ్మ భారత సంతతి, అందుకే మావాళ్ళంతా కాస్త ఎక్కువ చూస్తారు, అందులో దాచేదేం లేదు. 2019లో వాండర్‌బిల్ట్ కాలేజీ తరఫున ఒక్క హిట్టూ ఇవ్వకుండా 19 స్ట్రైకవుట్స్ తీశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో వాడిగా ఎంచుకుని, మెడికల్ రిపోర్టులు చూసి సంతకం చేయించుకోలేదు. ఏడాదంతా గాలిలో దీపం. 2022లో రేంజర్స్ మూడో వాడిగా తీసుకుంటే, 2023లో హికరీలో ఆడుతూ మోచేతికి టామీ జాన్ సర్జరీ. ఏడాదికి పైగా ఆట లేదు. 2024 వేసవిలో అరిజోనా, తర్వాత మా ఫ్రిస్కో, తర్వాత రౌండ్ రాక్, సెప్టెంబర్ 12న సియాటిల్‌లో రేంజర్స్ తరఫున తొలి మ్యాచ్. నాలుగు మెట్లకు కొన్ని వారాలు. అంతకుముందు ఎన్ని ఏళ్ళో చూడండి.

జీతాల సంగతి కూడా తెలుసుకుని చూస్తే ఆట వేరేగా కనబడుతుంది. డబుల్-ఏ కుర్రాడికి 2022 దాకా కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్లు. ఈ ఊళ్ళో అద్దెకే చాలదు. యూనియన్‌లో చేరాక 2023 నుంచి 30,250 చేశారు, ఇల్లు క్లబ్బులే ఇస్తున్నాయి. పైన రేంజర్స్‌లో 2025 కనీసం 7,60,000. మధ్యలో ఉన్నది ముప్పావుగంట కారు ప్రయాణం!

టవర్ క్లాక్ కుర్రాడు

సార్, మీ శిష్యుల్లో ఒకడినే అనుకోండి, కోప్పడొద్దు. 2024లో దులీప్ ట్రోఫీ మన ఆర్డీటీ గ్రౌండ్‌కు వచ్చింది. రుతురాజ్, శ్రేయస్ అయ్యర్ మనూర్లో ఆడారు. మన కుర్రాళ్ళను చూడ్డం మానేసి బహామాస్ పిల్లోడి మీద పడ్డారేంది? బేస్‌బాల్‌లో మనోళ్ళు ఎవరైనా ఉన్నారా అసలు?

కర్నూలు నైట్‌షిఫ్ట్

ఉన్నారు బ్రో. రింకూ సింగ్, దినేశ్ పటేల్. క్రికెట్ రింకూ కాదు. ఇద్దరూ ఉత్తరప్రదేశ్ జావెలిన్ కుర్రాళ్ళు. 2008లో టీవీ పోటీలో గెలిస్తే పిట్స్‌బర్గ్ పైరేట్స్ తీసుకుంది. అంతకుముందు బేస్‌బాల్ బంతి పట్టి ఎరగరు. దినేశ్ రెండు సీజన్లకే వెనక్కి వచ్చాడు. రింకూ సింగిల్-ఏ (డబుల్-ఏకు కింద) దాకా ఎక్కాడు, తర్వాత గాయాలు. ఆ తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలు చూసినవాళ్ళకు వీర్ మహాన్ అంటే తెలుస్తుంది, అతనే.

పీఈటీ సారు, అనంతపురం

జావెలిన్ విసిరేవాణ్ణి పిచర్ చేయడం తప్పు ఆలోచన కాదు, కానీ 20 ఏళ్ళకు మొదలుపెడితే భుజం ఒప్పుకోదు. జావెలిన్‌లో చేయి వెనక చాచి లాగుతారు, ఇక్కడ మోచేయి మడిచి కొరడా మాదిరి. కండ ఒకటే కాదు.

టవర్ క్లాక్ అబ్బీ, కోపం లేదు. దులీప్ ట్రోఫీకి నేనూ పోయాను. మన పిల్లల్ని వదిలేయలేదు. కానీ ఒకటి చెప్తా విను. రంజీలో లీగ్ దశ అంటే జట్టుకు 7 మ్యాచ్‌లు. కొత్త కుర్రాడు రెండు మ్యాచ్‌లు పోగొట్టుకుంటే మూడోదానికి బెంచీ మీద. ఫ్రిస్కోలో సీజన్‌కు 138. ఏప్రిల్‌లో ఆడకపోయినా, మేలో ఆడకపోయినా, పేరు లిస్టులోనే ఉంటుంది. ఆ లైటర్ 5.54 పెట్టుకుని కూడా మర్నాడు గ్లవ్ వేసుకుని వచ్చాడు చూడు, అది నాకు కావాల్సింది.

మా కాలంలో జిల్లా సెలక్షన్ అంటే ఒక్క పూట. రాప్తాడు వైపు నుంచి బస్సులో వచ్చిన నా పిల్ల ఒకతి, ఆరోజు జ్వరం. మూడు బంతులు వదిలేసింది. పేరు కొట్టేశారు. ఆ పిల్ల చేతి వేగం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, నా మాట ఎవరూ వినలేదు. సెలక్టర్లను తిట్టడం లేదు. ఒక పూటలో దేవుడికైనా తెలియదు. ఆ పిల్లకు 138 మ్యాచ్‌లు ఇచ్చి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఈ బహామాస్ పిచ్చి.

సరే. ముగ్గురిని రాసుకున్నాను: వాల్కాట్, నాకు నచ్చిన ఆ పిచర్, హికరీ నుంచి ఒక క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు). చాలా?

కర్నూలు నైట్‌షిఫ్ట్

ఇంకొకణ్ణి కలపండి సార్. రౌండ్ రాక్‌లో 25, 26 ఏళ్ళవాడు, ఏ లిస్టులోనూ పేరు లేనివాడు. వాల్కాట్ గురించి అందరూ రాస్తారు, వీడి గురించి ఎవరూ రాయరు, స్కోర్‌కార్డే దిక్కు. పైగా వీళ్ళకో నవంబర్ గండం ఉంది. 18 ఏళ్ళకో అంతకన్నా ముందో సంతకం చేసినవాడికి ఐదు సీజన్లు, పెద్దయ్యాక చేసినవాడికి నాలుగు. ఆలోపు రేంజర్స్ నవంబర్ గడువుకు తమ పెద్ద జట్టు 40 మంది జాబితాలో పెట్టుకోకపోతే డిసెంబర్‌లో రూల్ ఫైవ్ డ్రాఫ్ట్. వేరే జట్టు లక్ష డాలర్లు కట్టి తీసుకుపోవచ్చు. కానీ తీసుకున్నవాళ్ళు మరుసటి సీజన్ అంతా పెద్ద జట్టులోనే ఉంచుకోవాలి, లేకపోతే తిరిగి ఇవ్వజూపాలి. ఒక్కోసారి పనికిరాడని వదిలేసినవాడు అట్లా నేరుగా పైకి పోతాడు.

పీఈటీ సారు, అనంతపురం

ఇది బాగుంది. 26 ఏళ్ళవాణ్ణి మొదటి పేజీలోనే రాస్తాను. అయితే రౌండ్ రాక్ మ్యాచ్‌లు కూడా 5:35కేనా? మా ఆవిడ అలారం ఒక్కటే ఒప్పుకుంది.

కర్నూలు నైట్‌షిఫ్ట్

సొంతూర్లో ఆడితే దాదాపు అదే టైము సార్. టకోమా, శాక్రమెంటో, రీనో వైపు పోయినప్పుడు రెండు గంటలు ఆలస్యం. అక్కడ 7:05 అంటే మనకు 7:35. ఆ వారం అలారం అక్కర్లేదు, టిఫిన్ టైముకు పెట్టుకోండి.