వాటర్‌ప్రూఫ్‌కి "జలనిరోధకం" ఒక్కటే సరిపోతుందా?

కెమెరాల గురించి రాసేటప్పుడు వాటర్‌ప్రూఫ్‌ని తెలుగులో ఏమనాలని అడిగారు కదా, ఇద్దరు ముగ్గురు "జలనిరోధకం" అన్నారు. మాటలో తప్పేమీ లేదు. కానీ నీళ్ళ దగ్గర ఫొటోలు తీసేవాళ్ళకి ఆ ఒక్క మాట చాలదు. ఆ సంగతి నాకు ఒక కెమెరా పాడయ్యాకే తెలిసింది.

దాని వివరాల్లో వెదర్ సీల్డ్ అని ఉంది. నేను మనసులో జలనిరోధకం అనే చదువుకున్నాను. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తీస్తుంటే చేజారింది. వెంటనే పైకి తీసి తుడిచాను. అప్పటికే లెన్సుకి లోపలివైపు చెమ్మ పట్టేసింది. బ్యాటరీ మూత తెరిస్తే ఒక చుక్క జారి అరచేతిలో పడింది. వెదర్ సీల్డ్ అంటే జల్లు, తుంపర వరకే. మునిగితే పూచీ లేదు.

నిజానికి మన భాషలో ఈ తేడాలకు మాటలు ఎప్పుడో ఉన్నాయి. తడవడం వేరు, మునగడం వేరు, నానడం వేరు. వ్యవసాయం గురించి రాసేవాళ్ళు "ముంపును తట్టుకునే వరి రకాలు" అని హాయిగా రాస్తారు, ఎవరికీ అనుమానం రాదు. మనమూ అలాగే "జల్లును తట్టుకునే కెమెరా", "మునకను తట్టుకునే కెమెరా" అనొచ్చు. కొనేవాళ్ళకి ఏది కావాలో మాటలోనే తెలిసిపోతుంది.

వస్తువు నీళ్ళని ఎంతవరకు తట్టుకుంటుందో అంకెల్లో చెప్పే ఐపీ రేటింగులకీ ఇదే పనికొస్తుంది. ఐపీఎక్స్4 అంటే ఏ వైపు నుంచి నీళ్ళు చిందినా తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే 1 మీటరు లోతు నీళ్ళలో 30 నిమిషాలు ఉన్నా తట్టుకుంటుంది. ఐపీఎక్స్8 అంటే అంతకు మించి, ఎంత లోతో ఎంతసేపో తయారుచేసినవాళ్ళే చెప్పాలి. ఇక్కడొక మెలిక ఉంది: ఐపీఎక్స్7 ఉన్నంత మాత్రాన పైపుతో కొట్టే నీళ్ళని తట్టుకోవాలని లేదు. ఆ పరీక్షలు వేరు, ఐపీఎక్స్5, 6. మునకను తట్టుకున్నది ధారను తట్టుకోకపోవచ్చన్నమాట. "జలనిరోధకం" అంటే ఇదంతా ఎలా తెలుస్తుంది?

కెమెరాని నీళ్ళలోకి దింపేటప్పుడు దాన్ని పెట్టే హౌసింగ్‌ని "తొడుగు" అన్నవారితో నేను సగమే ఒప్పుకుంటాను. మెత్తటి ప్లాస్టిక్ సంచీకి ఆ మాట బాగుంటుంది. హౌసింగ్ గట్టి పెట్టె. 10 మీటర్లు దిగేసరికి దాని మీద పీడనం గట్టు మీదున్నదానికి రెట్టింపవుతుంది, దాన్ని ఓర్చుకోవాలి. మూత అంచున ఉండే రబ్బరు వలయమే దానికి ప్రాణం. దాని మీద ఒక్క వెంట్రుక అడ్డుపడినా నీళ్ళు చొరబడతాయి. మూసే ముందు ప్రతిసారీ వెలుతురులో తిప్పి చూసుకోవాలి, వేలితో తడిమి చూడాలి.

చివరగా, నాకు ఇష్టమైన మాట ఒకటి. సముద్రంలో వాడాక కెమెరాని "శుభ్రపరచండి" అని రాస్తుంటారు. అది చదివి గుడ్డతో రుద్దితే ఉప్పు పలుకులు లెన్సు మీద గీతలు పెడతాయి. చేయాల్సింది జాడించడం. మునకను తట్టుకునే కెమెరా అయితే మూతలన్నీ బిగించి మంచినీళ్ళలో కాసేపు నానబెట్టాలి, ఉప్పు కరిగాక జాడించి తీయాలి.